కార్మిక క్షేమమే నిర్మాణ క్షేమం

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని విస్తరించి, కార్యకారణ సంబంధంతో వివరించడం వ్యాస లక్షణం. 2020వ సంవత్సరంలో కోవిడ్ మహమ్మారి వ్యాపించినప్పుడు రైలుమార్గాలు, వంతెనలు, రహదారుల నిర్మాణం ఎలాంటి చిక్కులను ఎదుర్కొన్నదో, ఆ అనుభవం మనకు నేర్పిన పాఠమేమిటో తెలియజేయడం దీని ఉద్దేశం. ప్రకృతి విపత్తు వచ్చినప్పుడు పని ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా అన్న ప్రశ్న సహజంగా తలెత్తుతుంది. ఆ రెండింటికీ నిజంగా వైరం ఉన్నదా అని ఈ వ్యాసం ఆలోచింపజేస్తుంది.

పాఠం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని ఆర్ట్స్ కళాశాల ముందు నిలబడినవారిని ఆ గంభీరమైన రాతికట్టడం ముగ్ధులను చేస్తుంది. 1934లో శంకుస్థాపన జరిగిన ఆ భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. దానిని కట్టించిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు చరిత్రలో నిలిచింది. రూపకల్పన చేసిన వాస్తుశిల్పుల పేర్లూ నిలిచాయి. కానీ ఆ రాళ్లను చెక్కినవారు, మోసినవారు, సున్నం కలిపినవారు ఎవరో మనకు తెలియదు. ఆ ఆవరణ నుంచి బయటికి వచ్చి తార్నాక కూడలికి చేరుకుంటే తలపైన మెట్రో రైలుమార్గం కనిపిస్తుంది. నాగోలు నుంచి రాయదుర్గం దాకా సాగే మార్గంలో తార్నాక ఒక స్టేషన్. 2017 నవంబరులో ఈ మార్గంలో రైళ్లు నడవడం మొదలైంది. ఆ స్తంభాల నీడలో ప్రతిదినం వేలాదిమంది విద్యార్థులు నడుస్తారు. వాటికి ఇనుపచువ్వలు కట్టిన చేతులు ఎవరివో వారికీ తెలియదు.

మన పూర్వులు మాత్రం ఈ విషయంలో కొంత వివేకం చూపారు. కడప జిల్లాలోని పోరుమామిళ్లలో 1369వ సంవత్సరం నాటి ఒక తటాక శాసనం ఉన్నది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను ఆ శాసనం వరుసగా పేర్కొంటుంది. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రం ఎరిగిన పండితుడు, గట్టినేల, తీయని నీటితో ప్రవహించే నది, మంచి రాయి లభించే గని మొదలైనవి అందులో ఉన్నాయి. వాటితో సమానంగా, పనిలో నేర్పు గల మనుషుల సమూహాన్ని కూడా శాసనకర్త ఒక అంగంగా గణించాడు. అంతేకాదు, వేయిమంది పనివారు రోజూ శ్రమించారనీ, నూరు బండ్లు రాళ్లను మోశాయనీ, రెండు సంవత్సరాలలో పని పూర్తి అయిందనీ, వెచ్చించిన ధనధాన్యాలకు లెక్కలేదనీ చెప్పాడు. ధనంతో పాటు ధాన్యాన్ని కూడా చెప్పడంలోని అంతరార్థాన్ని విద్యార్థులు గమనించాలి. వేయిమంది రోజూ పనిచేయాలంటే వేయిమందీ రోజూ తినాలి. పనివాడు కట్టడానికి వెలుపలి వస్తువు కాడు. రాయివలె, నీటివలె అతడూ ఒక అంగమే. అంగానికి వ్యాధి వస్తే దేహం మొత్తం కుంటుపడుతుంది.

ఈ సత్యాన్ని గ్రహించక విఫలమైన ఒక మహానిర్మాణం కథ మన నగరంతో ముడిపడి ఉన్నది. అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను కలుపుతూ పనామాలో కాలువ త్రవ్వడానికి 1881లో ఒక ఫ్రెంచి సంస్థ పూనుకున్నది. యంత్రాలకు, ధనానికి, మేధావులైన ఇంజనీర్లకు దానికి కొదువ లేదు. అయినా పచ్చజ్వరం, మలేరియా పనివారిని కబళించాయి. ఆ ప్రయత్నంలో ఇరవై వేలకు పైగా మనుషులు మరణించారని చరిత్రకారుల అంచనా. 1889లో ఆ సంస్థ దివాలా తీసింది. ఎనిమిదేళ్ల తరువాత, 1897 ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదులో సైనిక వైద్యుడిగా ఉన్న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవిని కనుగొన్నాడు. ఆయన పరిశోధన సాగించిన బేగంపేటలోని భవనం తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ సంరక్షణలోకి వచ్చి, ఆయన పేరుతోనే పరాన్నజీవశాస్త్ర సంస్థగా వెలసింది. ఆ ఆవిష్కరణ పనామాకు మహోపకారం చేసింది. 1904లో అమెరికా ఆ పనిని చేపట్టినప్పుడు విలియం గోర్గాస్ అనే వైద్యుడు ముందుగా దోమలపై యుద్ధం ప్రకటించాడు. నిలవనీటిని తొలగించారు, గుంటలలో నూనె పోశారు, పనివారి నివాసాలకు వలతెరలు బిగించారు. ఇదంతా కాలయాపన అని విసుగుకున్నవారు ఆనాడూ ఉన్నారు. కానీ పచ్చజ్వరం తొలగిన తరువాతనే పని వేగం అందుకున్నది. 1914లో కాలువ పూర్తి అయింది. పారను, యంత్రాన్ని మార్చినందువల్ల మాత్రమే కాక, పనివాడు నిద్రించే చోటును మార్చినందువల్ల ఆ కాలువ సాధ్యమైందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇక మన కాలానికి వద్దాం. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ నాడు హైదరాబాదు మెట్రో రైళ్లు నిలిచిపోయాయి. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. నిత్యం జనసమ్మర్దంతో ఉండే తార్నాక కూడలి నిర్మానుష్యమైంది. విశ్వవిద్యాలయ వసతిగృహాలు ఖాళీ అయ్యాయి. విద్యార్థులకు వెళ్లడానికి స్వగ్రామాలున్నాయి. కానీ ఝార్ఖండ్, బీహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చి నగరంలో వంతెనలు, భవనాలు కడుతున్న లక్షలాది కార్మికులకు రైళ్లూ లేవు, బస్సులూ లేవు. పని లేదు కనుక కూలీ లేదు. కూలీ లేదు కనుక తిండికి కటకట. తెలంగాణ ప్రభుత్వం వలస కార్మికులకు ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం లేదా పిండి, 500 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. అది ఆకలిని కొంతకాలం ఆపగలిగే సహాయం. భయాన్ని ఆపగలిగేది కాదు.

అదే సమయంలో అధికారులను మరొక సమస్య వేధించింది. రవాణా నిర్మాణాన్ని ఎక్కడపడితే అక్కడ ఆపివేయడం సాధ్యం కాదు. రహదారి నడుమ త్రవ్విన గోతిని వానకాలానికి ముందే పూడ్చకపోతే నేల కుంగుతుంది. రెండు స్తంభాల మధ్య సగం బిగించిన దూలాన్ని అలాగే వదిలితే క్రింద నడిచేవారికి ప్రాణాపాయం. ఇనుపచువ్వలను గాలికీ తేమకూ వదిలివేస్తే తుప్పు పడతాయి. లండన్ నగరంలో 2020 మార్చి 24న క్రాస్‌రైల్‌తో సహా రవాణా నిర్మాణాలను తాత్కాలికంగా నిలిపివేసినప్పుడు కూడా భద్రత దృష్ట్యా తప్పనిసరైన పనులకు మినహాయింపు ఇచ్చారు. అంటే పనిని ఆపడానికి కూడా కొంత పని చేయవలసి ఉంటుంది.

2020 ఏప్రిల్ 15న కేంద్ర ప్రభుత్వం వెలువరించిన ఉత్తర్వులు ఈ చిక్కుకు ఒక మార్గాన్ని సూచించాయి. పురపాలక సంఘాలు, నగరపాలక సంస్థల పరిధిలో కార్మికులు నిర్మాణస్థలంలోనే ఉండి, బయటి నుంచి ఎవరినీ తీసుకురానవసరం లేనప్పుడు ఏప్రిల్ 20 నుంచి పని కొనసాగించవచ్చునన్నది ఆ నియమం. దానికి తోడుగా కొన్ని జాగ్రత్తలు విధించారు. లోనికి వచ్చే ప్రతివ్యక్తికీ ఉష్ణోగ్రత పరీక్ష, మాస్కు, చేతుల శుభ్రత తప్పనిసరి. వాహనాలలో సామర్థ్యంలో 30 నుంచి 40 శాతం మందినే ఎక్కించాలి. షిఫ్టుకూ షిఫ్టుకూ నడుమ ఒక గంట విరామం ఉండాలి. అందరూ ఒకేసారి భోజనానికి కూర్చోరాదు. లిఫ్టులో దాని పరిమాణాన్ని బట్టి ఇద్దరో నలుగురో మాత్రమే ఎక్కాలి. గుట్కా, పొగాకు నమలడం, ఉమ్మివేయడం నిషిద్ధం. కార్మికులకు వైద్యబీమా చేయించాలి. సమీపంలో కోవిడ్ చికిత్స అందించే ఆసుపత్రుల జాబితా సిద్ధంగా ఉండాలి. ఏ రాష్ట్రమైనా పరిస్థితిని బట్టి మరింత కఠినంగా ఉండవచ్చు. తెలంగాణ ఏప్రిల్ 20 సడలింపులను అప్పటికి అంగీకరించక లాక్‌డౌన్‌ను మే 7 వరకు పొడిగించింది.

కాగితం మీద ఈ నియమాలు చక్కగా ఉన్నాయి. కానీ నిర్మాణస్థలం స్వభావం తెలిసినవారికి వాటిలోని కష్టమూ అర్థమవుతుంది. వంతెన స్తంభానికి చువ్వల బోనును నిలబెట్టేటప్పుడు పనివారు ఆరడుగుల దూరంలో ఉండలేరు. సెంట్రింగ్ పలకలను ఎత్తేటప్పుడు ఒకరి భుజం మరొకరి భుజానికి తగులుతుంది. క్రేను నడిపేవాడికి సైగ చేసేవాడి ముఖం, చేయి స్పష్టంగా కనిపించాలి. నలభై డిగ్రీల ఎండలో చెమటకు తడిసిన మాస్కుతో బరువు మోయడం ఊపిరాడని పని. అందువల్ల మనుషుల మధ్య దూరం పాటించలేని చోట జట్ల మధ్య దూరం పాటించడం ఉత్తమమైన ఉపాయం. ఒక స్థలంలో 120 మంది ఉన్నారనుకుందాం. వారందరూ కలసిమెలసి తిరిగితే ఒకరికి జబ్బు చేసినప్పుడు 120 మందినీ అనుమానించాలి. పని మొత్తం ఆగిపోతుంది. వారిని పన్నెండేసి మంది చొప్పున పది జట్లుగా విభజించి, ఏ జట్టు ఆ జట్టుగానే పనిచేసి, తిని, నిద్రించే ఏర్పాటు చేస్తే, ఒకరికి జబ్బు చేసినప్పుడు పన్నెండుమందిని మాత్రమే విడిగా ఉంచితే చాలు. తక్కిన 108 మంది పని కొనసాగుతుంది. ఇక్కడ ప్రాణరక్షణకూ పనికీ విరోధం లేదు. ఒకే ఏర్పాటు రెండింటినీ కాపాడుతున్నది.

ఎండ విషయంలోనూ అంతే. బరువు పనులను వేకువజామునకు, సాయంకాలానికి మార్చి, మధ్యాహ్నం నీడలో విశ్రాంతి ఇస్తే వడదెబ్బ ముప్పు తగ్గుతుంది. ఆరుబయట మాస్కు బాధా తగ్గుతుంది. తరువాతి పరిశోధనలు ఈ వ్యాధి ప్రధానంగా గాలి ద్వారా, అందులోనూ గాలి ఆడని మూసిన గదులలో, వ్యాపిస్తుందని స్పష్టం చేశాయి. మొదట్లో తలుపుగడియలను, పనిముట్లను తుడవడం మీద ఉన్నంత శ్రద్ధ గదుల కిటికీల మీద లేదు. ఆకాశం క్రింద చువ్వలు కట్టే చోటు కన్నా, ఆ చువ్వలు కట్టినవాడు రాత్రి పడుకునే రేకులషెడ్డు ఎక్కువ ప్రమాదకరమైనదని ఈనాడు మనకు తెలుసు.

హైదరాబాదులో వాహనాలు లేక ఖాళీగా ఉన్న రహదారులను నగరపాలక సంస్థ వంతెనల, రోడ్ల పనులకు వినియోగించుకున్నది. 2020 మే నెలలో బయోడైవర్సిటీ కూడలి వద్ద ఒక పైవంతెన, ఎల్బీనగర్ వద్ద అండర్‌పాస్ ప్రారంభమయ్యాయి. అదే సంవత్సరం సెప్టెంబరు 25న దుర్గం చెరువుపై తీగల వంతెన ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. సాధారణ దినాలలో వాహనాలను దారి మళ్లించి, రాత్రివేళల్లో కొద్దికొద్దిగా చేయవలసిన పనులకు ఆ నిశ్శబ్ద నగరం వెసులుబాటు కల్పించింది. తార్నాకకు సమీపంలోని లాలాగూడ రైల్వే కర్మాగారం కూడా ఆ కాలంలో కొత్త బాధ్యతను స్వీకరించింది. రైలుపెట్టెలను మరమ్మతు చేసే చేతులే వాటిని రోగులను విడిగా ఉంచే వార్డులుగా మార్చాయి. దేశమంతటా ఐదువేలకు పైగా రైలుపెట్టెలను రైల్వేశాఖ ఈ విధంగా సిద్ధం చేసింది. తగిన జాగ్రత్తలతో పని సాగించడం అసాధ్యం కాదనడానికి ఇవి నిదర్శనాలు.

అయితే నాణేనికి రెండవ వైపును కూడా చూడాలి. నగరశివారున, సంగారెడ్డి సమీపంలోని కందిలో ఆనాడు ఐఐటీ ఆవరణ నిర్మాణం జరుగుతూ ఉండేది. అది రవాణా నిర్మాణం కాదు, ఒక విద్యాప్రాంగణం. కానీ కార్మికులు స్థలంలోనే ఉండాలన్న నియమం ఆచరణలో ఎలా పరిణమించిందో తెలుసుకోవడానికి అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. అక్కడ రెండువేలకు పైగా కార్మికులు నెలకు పైగా ఆవరణలోనే ఉండిపోయారు. అంటే నియమం కోరినట్లు వారు స్థలంలోనే ఉన్నారు. బయటివారు లోనికి రాలేదు. కానీ వేతనాలు సకాలంలో అందలేదు. ఇంటికి ఎప్పుడు పంపుతారో చెప్పేవారు లేరు. 2020 ఏప్రిల్ 29న వారి సహనం నశించింది. బకాయి వేతనాలు చెల్లించాలని, తమను స్వస్థలాలకు పంపాలని ఆందోళనకు దిగారు. పోలీసులతో ఘర్షణ జరిగింది. లాక్‌డౌన్ కాలానికి వేతనం తగ్గించకుండా చెల్లించాలని మార్చి 29నే కేంద్రం ఆదేశించింది. ఆదేశం ఉన్నది, అది కార్మికుని చేతికి చేరలేదు. వేతనం లేని రక్షణ కార్మికుని కంటికి నిర్బంధంగానే కనిపిస్తుంది.

ఆ ఏప్రిల్ 29వ తేదీనే, చిక్కుకున్న వలసకార్మికుల ప్రయాణానికి కేంద్రం అనుమతినిచ్చింది. మే 1వ తేదీ తెల్లవారుజామున హైదరాబాదులోని లింగంపల్లి స్టేషన్ నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు 24 పెట్టెల రైలు బయలుదేరింది. దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు అదే. అందులో ప్రయాణించిన సుమారు 1,200 మందిలో అధికులు కంది నిర్మాణస్థలం నుంచి వచ్చినవారే. పెట్టెకు 72 మంది పట్టే చోట 54 మందిని మాత్రమే కూర్చోబెట్టారు. ఆనాడు కార్మిక దినోత్సవం కావడం కాకతాళీయమే కావచ్చు. కానీ మరచిపోదగినది కాదు. ఆగస్టు చివరి నాటికి దేశంలో 4,621 శ్రామిక్ రైళ్లు 63 లక్షలకు పైగా ప్రయాణికులను చేరవేశాయి. రైలుమార్గాలు, వంతెనలు కట్టిన చేతులు ఎందరివో ఆ రైళ్లలో ఇంటిదారి పట్టాయి. ఆ తరువాత దేశమంతటా నిర్మాణరంగం కార్మికుల కొరతతో ఇబ్బందిపడింది. పనికి అనుమతి వచ్చేనాటికి పనివాడు లేడు.

సంపన్న దేశాలకూ ఈ పాఠం తప్పలేదు. సింగపూరులో మెట్రో మార్గాలను, భవనాలను నిర్మించేవారిలో అధికులు భారతదేశం, బంగ్లాదేశ్‌ల నుంచి వెళ్లిన కార్మికులు. వారిలో తెలుగువారూ ఉన్నారు. నిర్మాణస్థలాలలో శిరస్త్రాణం, నడుముకు పట్టీ, అడుగడుగునా హెచ్చరిక ఫలకం ఉండే క్రమశిక్షణ గల దేశమది. కానీ ఒక్కొక్క గదిలో పది పన్నెండుమందికి పైగా నివసించే వసతిగృహాలలో 2020 ఏప్రిల్ నెలలో వ్యాధి దావానలంలా వ్యాపించింది. ఆ వసతిగృహాలలోని సుమారు 3,23,000 మంది కార్మికులలో 47 శాతం మంది ఆ సంవత్సరాంతానికి వ్యాధి బారిన పడినట్లు ప్రభుత్వమే వెల్లడించింది. నిర్మాణాలు నెలల తరబడి నిలిచిపోయాయి. 2020లో తెరవవలసిన ఒక మెట్రో మార్గభాగం 2021 ఆగస్టులో గాని తెరుచుకోలేదు. తరువాత కొత్త వసతిగృహాలలో గదికి పన్నెండుమందికి మించరాదని ఆ దేశం నియమం చేసింది. పనామాలో వలతెర కట్టిన కిటికీ బోధించిన పాఠాన్నే నూరేళ్ల తరువాత సింగపూరు మంచాల వరుస మళ్లీ బోధించింది.

వ్యాధిని ముందుగా పసిగట్టడం కూడా రక్షణలో భాగం. ఈ విషయంలో తార్నాక పరిసరాలలోని శాస్త్రసంస్థలు చేసిన కృషి స్మరణీయం. కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం, అనగా సీసీఎంబీ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అనగా ఐఐసీటీ, కలసి నగరంలోని మురుగునీటిని పరీక్షించాయి. వ్యాధి సోకినవారు, లక్షణాలు కనిపించకపోయినా, కొన్ని వారాలపాటు మలం ద్వారా వైరస్ ఆనవాళ్లను విసర్జిస్తారు. ఆ ఆనవాళ్ల పరిమాణాన్ని బట్టి ఎంతమందికి వ్యాధి సోకిందో లెక్కకట్టవచ్చు. నగరంలో ఆరు లక్షల మందికి పైగా వ్యాధి సోకి ఉండవచ్చునని 2020 ఆగస్టులో ఆ సంస్థలు అంచనా వేశాయి. నమోదైన కేసుల సంఖ్య కన్నా అది ఎన్నో రెట్లు అధికం. ఇందులో నిర్మాణస్థలాలకు ఒక సూచన ఉన్నది. ద్వారం వద్ద నుదుటికి గురిపెట్టే ఉష్ణమాపకం జ్వరం ఉన్నవాడిని మాత్రమే పట్టుకోగలదు. జ్వరం లేకుండానే వ్యాధిని మోసేవాడిని పట్టుకోలేదు. అంతేకాదు, జ్వరమని తెలిస్తే ఆనాటి కూలీ పోతుందన్న భయం ఉన్నవాడు మాత్ర మింగి జ్వరాన్ని దాచిపెట్టి లోనికి వస్తాడు. జబ్బు చేసిన దినాలకు కూడా కూలీ ఇస్తామన్న హామీ ఉన్నచోట అతడే ముందుకు వచ్చి చెబుతాడు. అంటే ఖర్చు లేని మంచి పరీక్ష నమ్మకమే.

ఈ అనుభవాలన్నిటినీ కూర్చి చూస్తే, మహమ్మారి కాలంలో నిర్మాణం సాగడానికి ఐదు ఆధారాలు అవసరమని తేలుతుంది. మొదటిది, గాలి ఆడే నివాసం. రెండవది, చిన్న జట్లుగా పని విభజన. మూడవది, జబ్బు చేసినా ఆగని వేతనం. నాలుగవది, కార్మికునికి అర్థమయ్యే భాషలో నిజమైన సమాచారం. హిందీ, ఒడియా, భోజ్‌పురి మాట్లాడేవారికి తెలుగులోనో ఇంగ్లీషులోనో గోడపత్రిక అంటించి బాధ్యత తీరిందనుకోవడం న్యాయం కాదు. ఐదవది, వెళ్లాలనుకున్నవాడు వెళ్లగలిగే స్వేచ్ఛ. తలుపు తెరిచి ఉన్నదని తెలిసినవాడు స్థిమితంగా ఉంటాడు; మూసి ఉన్నదని తెలిసినవాడు గోడ దూకాలని చూస్తాడు. ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ అద్భుతమైన యంత్రం కాదు. వాటికి కావలసినది కొంత వ్యయం, అంతకన్నా ఎక్కువగా ముందుచూపు. ఇవన్నీ చేస్తే నిర్మాణవ్యయం పెరుగుతుంది కదా అని కొందరు అనవచ్చు. పెరుగుతుంది. కానీ ఆగిపోయిన పనికి అయ్యే వ్యయం, వెళ్లిపోయిన పనివాడిని మళ్లీ రప్పించడానికి అయ్యే వ్యయం దానికన్నా తక్కువ కాదు. పోయిన ప్రాణానికైతే వెల కట్టలేము.

తార్నాక స్టేషన్‌కు 2020 సెప్టెంబరు 8న రైళ్లు తిరిగి వచ్చాయి. ఐదున్నర నెలల మౌనం తరువాత, మాస్కులు ధరించిన కొద్దిమంది ప్రయాణికులతో, సీటు విడిచి సీటులో కూర్చునే ఏర్పాటుతో అవి కదిలాయి. ఈనాడు ఆ గుర్తులు చెరిగిపోయాయి. విశ్వవిద్యాలయం వైపు నడిచే విద్యార్థుల సందడి మామూలే. కానీ మరొక మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నగరం ఇంకా కట్టబడుతూనే ఉంటుంది. రేపు మీలో కొందరు ఇంజనీర్లు అవుతారు, కొందరు అధికారులు అవుతారు, కొందరు గుత్తేదారులు కావచ్చు. నిర్మాణస్థలానికి వెళ్లినప్పుడు పటాన్ని, స్తంభాన్ని చూసిన తరువాత పనివారు నిద్రించే షెడ్డును కూడా ఒకసారి చూడండి. దానికి కిటికీ ఉన్నదా, అది తెరుచుకుంటుందా అని అడగండి. పోరుమామిళ్ల శాసనకర్త ఆరువందల ఏళ్ల క్రితం లెక్కించిన ఆ అంగాన్ని మనం విస్మరించకుండా ఉండడానికి అది అత్యవసరమైన మొదటి ప్రశ్న.

కఠిన పదాలు – అర్థాలు

తటాకం = చెరువు
అంగం = అవయవం, భాగం
కబళించు = మింగివేయు
కాలయాపన = వృథాగా కాలం గడపడం
జనసమ్మర్దం = జనుల రద్దీ
నిర్మానుష్యం = మనుషులు లేనిది
నిర్బంధం = కదలనివ్వకుండా ఉంచడం
కాకతాళీయం = అనుకోకుండా జరిగినది
దావానలం = కార్చిచ్చు
శిరస్త్రాణం = తలకు రక్షణగా ధరించేది
గుత్తేదారు = కాంట్రాక్టరు

వ్యాకరణాంశాలు

సంధులు:
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

సమాసాలు:
ధనధాన్యాలు – ధనమును, ధాన్యమును – ద్వంద్వ సమాసం
కార్మిక క్షేమం – కార్మికుల యొక్క క్షేమం – షష్ఠీ తత్పురుష సమాసం
పన్నెండు అంగాలు – పన్నెండు సంఖ్య గల అంగాలు – ద్విగు సమాసం

ప్రశ్నలు

అ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పోరుమామిళ్ల తటాక శాసనం ఏ సంవత్సరం నాటిది?
2. రోనాల్డ్ రాస్ తన ఆవిష్కరణను ఏ నగరంలో చేశాడు?
3. దేశంలో మొదటి శ్రామిక్ రైలు ఏ స్టేషన్ నుంచి బయలుదేరింది?
4. తార్నాక స్టేషన్‌కు మెట్రో రైళ్లు తిరిగి ఎప్పుడు వచ్చాయి?

ఆ) లఘు సమాధాన ప్రశ్నలు
1. పనామా కాలువ నిర్మాణంలో ఫ్రెంచి సంస్థ ఎందుకు విఫలమైంది?
2. పనివారిని జట్లుగా విభజించడం వల్ల కలిగే ప్రయోజనాన్ని వివరించండి.
3. మురుగునీటి పరీక్ష ద్వారా వ్యాధి వ్యాప్తిని ఎలా అంచనా వేస్తారు?
4. "వేతనం లేని రక్షణ కార్మికుని కంటికి నిర్బంధంగానే కనిపిస్తుంది" – సందర్భాన్ని తెలిపి వ్యాఖ్యానించండి.

ఇ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మహమ్మారి కాలంలో నిర్మాణం సాగడానికి అవసరమైన ఐదు ఆధారాలను సోదాహరణంగా చర్చించండి.
2. కంది, సింగపూరు అనుభవాలను పోల్చి, వాటి నుంచి నేర్చుకోదగిన అంశాలను వివరించండి.

ఈ) భాషాకార్యం
మీ ఊరిలో జరుగుతున్న ఒక నిర్మాణస్థలాన్ని పెద్దల అనుమతితో సందర్శించండి. అక్కడి పనివారి నివాసం, తాగునీరు, భోజన వేళలు గమనించి ఒక పుటకు మించకుండా నివేదిక రాయండి.